మంట బొమ్మ

నా పేరు శౌరి. మా పల్నాడు పల్లెలో ఇంటికో శౌరి ఉంటాడు, పునీత శౌరి వారి పేరు అది. ఐర్లండ్‌లో మాత్రం ఎవరికైనా "శౌరి" అని పరిచయం చేసుకోగానే "యూ ఆర్ గ్రాండ్, యూ ఆర్ గ్రాండ్" అంటారు. నేను సారీ చెబుతున్నాననుకుని, ఫర్వాలేదులే అని ఓదారుస్తారన్నమాట. పదకొండేళ్లుగా చేయని తప్పులన్నిటికీ మన్నింపు దొరుకుతూనే ఉంది. 2021 జనవరిలో మాత్రం నిజంగానే ఒక పెద్ద తప్పు చేశాననుకుని, మూడు వారాలు కుదురు లేకుండా తిరిగాను. ఆ తప్పు మా ఇంటి బాయిలర్.

ఈ దేశంలో గదులు వెచ్చగా ఉండాలన్నా, కుళాయిలో వేడినీళ్లు రావాలన్నా గోడకు తగిలించిన ఆ పెట్టె ఒక్కటే దిక్కు. గ్యాస్‌తో మండి, నీళ్లు కాచి, గొట్టాల్లో ఇల్లంతా తిప్పుతుంది. మా ఇంటిది ఇరవై రెండేళ్ల నాటిది. ముగ్గురు రాజుల పండుగ మర్నాడు, జనవరి ఏడున, పొద్దున్నే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దగ్గి పోయింది అన్న మాట ఆ రోజుల్లో ఎవరూ నవ్వుతూ అనేది కాదు, కానీ జరిగింది అదే.

చలి సంగతి అలా ఉంచండి. దుప్పట్లున్నాయి, కరెంటు హీటర్లు రెండున్నాయి. నాకు గుండె జారిపోయింది లీల స్నానం గుర్తొచ్చి.

లీలారాణి నా భార్య. డ్రోహెడా ఆసుపత్రిలో నర్సు. కోవిడ్ వార్డులో నైట్ డ్యూటీ. క్రిస్మస్‌కి జనాన్ని కాస్త వదిలిపెట్టారు, కొత్త సంవత్సరానికి వార్డులు నిండిపోయాయి. రాత్రంతా ప్లాస్టిక్ గౌనులో ఉడికి, పొద్దున తొమ్మిదికి తను ఇల్లు చేరేది. చేరడం కూడా దొంగలాగే. సైడ్ గేటు తీసుకుని, వెనక నుంచి, గదిగా మార్చుకున్న గరాజ్‌లోకి. అందులోనే మంచం, అందులోనే ఓ చిన్న స్నానాల గది. తల నుంచి కాలి దాకా రుద్ది కడుక్కుంటేగానీ మంచం ఎక్కదు. రాత్రంతా మనుషులు పోతుంటే చూసి వచ్చిన మనిషికి రెండు చెంబుల వేడినీళ్లు కూడా ఇవ్వలేకపోతే ఇంకెందుకు నేను, అనిపించింది.

దొంగలా ఎందుకంటే, మా అమ్మాయి జెమీమాకు వాళ్లమ్మ ఇంట్లో ఉన్నట్టు తెలియదు. దానికి ఆరేళ్లు, బళ్లు మూసేయడంతో రోజంతా ఇంట్లోనే. డిసెంబరు ఆఖరున ఆ గరాజ్ గది తలుపు ముందు బోర్లా పడుకుని, కింది సందులోంచి వేళ్లు దూర్చి, "మామీ, జస్ట్ టచ్ దెమ్" అని గంటసేపు బతిమాలింది. అవతల లీల గోడకు ఆనుకుని నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది. ఆ మర్నాడే మేం ఒక అబద్ధం తయారుచేశాం. అమ్మ ఆసుపత్రిలోనే ఉంటోంది, కోవిడ్ టీకా రెండో సూది వేయించుకున్నాక వచ్చేస్తుంది, అని. రోజూ సాయంత్రం లీల గరాజ్‌లోంచే, తెల్లగోడ వెనక పెట్టుకుని, వీడియో కాల్ చేసేది. మధ్యలో ఉన్నది ఒక్క తలుపు.

ఇంట్లో నాలుగో మనిషి మా అత్తగారు పుష్పవతి. 2020 ఫిబ్రవరిలో మూడు నెలలకని కనిగిరి నుంచి వచ్చింది. విమానాలు ఆగిపోయి ఏడాదిగా ఇక్కడే. నేను క్లోనీలో ఒక డేటా సెంటర్‌లో, కూలింగ్ విభాగంలో పనిచేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా కంప్యూటర్లకు చల్లగాలి అందించే ఉద్యోగం. కంప్యూటర్లను చల్లబరచడం వచ్చిన నాకు ఇంట్లో మనుషులను వెచ్చబరచడం చేతకాలేదని మా అత్తగారు రోజుకోసారైనా గుర్తుచేసేది.

బాయిలర్ ఆగిన మర్నాటి నుంచి గ్యాస్ పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, బకెట్‌లో పోసి, తొమ్మిదింటికి సైడ్ గేటు దాకా మోసేవాణ్ణి.

"డాడీ, నీళ్లెక్కడికి?" అని జెమీమా.

"కారు అద్దం మీద మంచు కరిగించాలమ్మా."

"కారు వెళ్లడం మధ్యాహ్నం కదా?"

దానికి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం డ్రోహెడా ఇంగ్లీషులో వస్తుంది. ఆ యాసను తెలుగు అక్షరాల్లో పట్టడం నా వల్ల కాదు కాబట్టి దాని మాటలు తెలుగులోనే రాస్తున్నాను. ఆ ప్రశ్నలు మాత్రం ఏ భాషలోనైనా ఒకేలా గుచ్చుకుంటాయి.

ఇక కొత్త బాయిలర్ ఎంచుకోవడం మొదలైంది. మెయ్‌నూత్‌లో ఉండే జానకిరామ్ అనే సాఫ్ట్‌వేర్ మిత్రుడు పదిహేడు గడుల పట్టిక ఒకటి పంపాడు. అది చూశాక ఉన్న కాస్త స్పష్టత కూడా పోయింది. రాత్రి పది దాకా పని, పన్నెండు దాకా వీడియోలు, పొద్దున లేవగానే ఫోన్లు. బయటి గాలిలోంచి వేడి లాగే హీట్ పంప్ పెట్టుకోమని ఒకరు, దానికి ఆరునెలలు ఆగాలని ఇంకొకరు. చివరికి రెండు దారులు మిగిలాయి. ఒకటి, పాత పద్ధతిలోనే బాయిలర్, దానితో పాటు పైన నీళ్ల ట్యాంకు. రెండోది కాంబి బాయిలర్. దానికి ట్యాంకు ఉండదు. కుళాయి తిప్పిన క్షణానే మండి, అప్పటికప్పుడు నీళ్లు కాచి ఇస్తుంది.

నాకు రెండోదే నచ్చింది. ట్యాంకులో నీళ్లు అయిపోతే మళ్లీ కాగడానికి గంట పడుతుంది. లీల మామూలుగా తొమ్మిదికి వచ్చేది, వార్డులో ఆలస్యమైతే ఏ పదిన్నరకో. ఏ వేళకు వచ్చినా తిప్పితే వేడినీళ్లు రావాలి. నా పట్టిక అంతా ఆ ఒక్క గడే.

మా అత్తగారు మాత్రం ససేమిరా అంది. ఇక్కడ అల్మరాను ప్రెస్ అంటారు. వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా హాట్ ప్రెస్. తువ్వాళ్లు ఆరబెట్టుకోవడానికి అది పెట్టారు ఐరిష్ వాళ్లు. మా ఇంట్లో మాత్రం అది ఇడ్లీ పిండిది. రాత్రి ట్యాంకు పక్కన గిన్నె పెడితే పొద్దునకు పొంగి మూత లేచేది.

"ఏందయ్యా అల్లుడూ, ఆ ట్యాంకు పీకేస్తే నా పిండి యాడ పులవాల? ఈ దేశంలో ఎండ లేదు, ఉక్క లేదు. ఉన్నదల్లా ఆ బీరువా ఒక్కటే. అదీ పీకేస్తానంటన్నావ్."

"మీ అమ్మాయి స్నానం ముఖ్యమా, పిండి ముఖ్యమా అత్తయ్యా?"

"రెండూనయ్యా. నీళ్లు పోసుకుని వచ్చినాక తినేది ఏంది మరి?"

నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. ఆ రోజుల్లో నాకు తెలియకుండానే తిరుగుతుండేవాణ్ణి. వంటిల్లు, హాలు, కిటికీ, మళ్లీ వంటిల్లు. కూర్చుంటే కాళ్లు ఊగేవి.

చివరికి ఫింటన్ అనే ఆయన్ను పిలిచాను. అరవై దాటిన మనిషి, బాయిలర్లు బిగించడానికి లైసెన్సు ఉన్నవాడు. కిటికీలన్నీ తెరిపించి, మాస్కు పెట్టుకుని ఇల్లంతా చూశాడు. నా పేరు చెప్పాను. "యూ ఆర్ గ్రాండ్" అన్నాడు. కాంబి అయితే ఒక్కరోజులో అయిపోతుందన్నాడు. బయటికి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, గరాజ్ గది సంగతి చెప్పాను. నా భార్య పగలు అందులో నిద్రపోతుంది, మా అమ్మాయికి తెలియకూడదు, అని. ఆయన వాచీ చూసుకున్నాడు. తర్వాత, "అయితే ఏడింటికే వస్తాను. చప్పుడు పనులన్నీ తొమ్మిదిలోపు ముగించేస్తా" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. గోడకు కన్నం, పాత ట్యాంకు దించడం, అన్నీ తొమ్మిది కొట్టేలోపు అయిపోయాయి. ఆ తర్వాత పిల్లి నడిచినట్టు పనిచేశాడు. బాయిలర్ మా వంటింటి వెనక, బట్టలుతికే చిన్న గదిలో ఉంటుంది. మధ్యలో అద్దం తలుపు. జెమీమా ఇవతల నుంచి ముక్కు అద్దానికి ఆనించి చూస్తూనే ఉంది. సాయంత్రం సామాను సర్దుకుంటూ ఫింటన్ దాన్ని చూసి, అద్దం మీద వేలితో తట్టాడు.

"ఈ చిన్న తెర కనబడుతోందా? పొద్దున ఎనిమిదిన్నరకు గదుల హీటింగ్ ఆగిపోతుంది. ఆ తర్వాత ఇక్కడ మంట బొమ్మ వచ్చిందంటే, ఇంట్లో ఎవరో వేడినీళ్లు తిప్పారన్నమాట. కుళాయి కట్టేస్తే బొమ్మ మాయం. ఇక నుంచి నువ్వే దీనికి బాస్."

అది చాలా గంభీరంగా తల ఊపింది. నేను పట్టించుకోలేదు. ఆ రోజు నాకు గెలిచిన సంతోషం.

మర్నాడు తొమ్మిదీ ఇరవైకి లీల నుంచి మెసేజ్ వచ్చింది. "చన్నీళ్లే వస్తున్నాయండీ."

వెంటనే వంటింటి కుళాయి తిప్పాను. చెయ్యి కాలింది. పైన స్నానాల గదిలో తిప్పాను. అక్కడా పొగలు. ఫింటన్‌కి ఫోన్ చేశాను. మధ్యాహ్నం వచ్చి, అన్నీ చూసి, "గ్రాండ్" అని వెళ్లిపోయాడు. రాత్రి నేను పని నుంచి వచ్చాక, లీల ఆసుపత్రిలో ఉండగా, గరాజ్ స్నానాల గదిలోకి వెళ్లి నేనే తిప్పి చూశాను. అక్కడ కూడా కాలిపోతున్నాయి. పొద్దున మళ్లీ అదే మెసేజ్. "చన్నీళ్లే. ఫర్వాలేదులెండి, అలవాటైపోతుంది."

ఫర్వాలేదట! జనవరిలో, ఐర్లండ్‌లో, రాత్రంతా నిలబడి వచ్చిన మనిషి చన్నీళ్లు పోసుకోవడం! అప్పుడప్పుడే మొదటి సూది వేశారు, ఇంకా రెండోది లేదు. వణుకు వస్తే చలి వణుకో జ్వరం వణుకో ఎవరు చెప్పగలరు? వార్డులో తనతో పనిచేసే ఇద్దరు అప్పటికే అదే వార్డులో మంచం ఎక్కారు. నేను పాత పద్ధతిగా బకెట్ మోసుకెళ్దామని గిన్నె పొయ్యి మీద పెట్టాను. జెమీమా పక్కనే నిలబడి, "కొత్త బాయిలర్ ఉంది కదా డాడీ, కుళాయిలోంచి పట్టుకోవచ్చుగా?" అంది. పొయ్యి కట్టేశాను.

ఐదో రోజు ఫింటన్‌ని మళ్లీ పిలిచాను. ఈసారి నా నోరు నా మాట వినలేదు. పనికిరానిది అంటగట్టావన్నాను. నల్లవాడి ఇల్లు కదా, ఎలా పెట్టినా చెల్లుతుందనుకున్నావా అని కూడా అన్నాను. ఆయన ముఖం మాస్కు పైనంతా ఎర్రబడింది. బాయిలర్ మూత విప్పి, లోపల ఒక్కో గొట్టం తడిమి చూస్తూ కూర్చున్నాడు. ఎంత చూసినా ఏ లోపమూ దొరకలేదు.

సరిగ్గా అప్పుడు మా అత్తగారు బియ్యం గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నా వైపు చూడకుండానే, "పిండి ఇయ్యాల కూడా పొంగలా" అని చెప్పి, చేతులు కొంకర్లు పోకుండా వేడి కుళాయే తిప్పింది. తిప్పడం అంటే ఎంత? దారమంత. నీళ్లు చప్పుడు లేకుండా గిన్నెలోకి జారాయి. అద్దం తలుపు అవతల ఫింటన్ చెయ్యెత్తి నన్ను పిలిచాడు. తెర చూపించాడు. మంట బొమ్మ లేదు.

"ఆవిడ నీళ్లు అలాగే తిప్పుతారా?"

"ఎప్పుడూ అంతే."

"ఈ బాయిలర్‌కి కాస్త ధార కావాలి. ఇంత సన్నగా తిప్పితే దీనికి నీళ్లు నడుస్తున్నట్టే తెలియదు. మండదు. ట్యాంకు ఉన్నప్పుడు సన్నగా తిప్పినా వేడినీళ్లే వచ్చేవి, ఎప్పుడో కాచి పెట్టినవి కదా."

అత్తగారికి చెప్పాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. "మా కనిగిరిలో వారానికోసారి ట్యాంకరొచ్చేది. బిందె కింద ఒక్క చుక్క పడినా మా అమ్మ వీపు పగలగొట్టేది. నీళ్లు బారెడు ధార కట్టించడం నాకు చేతకాదయ్యా. లీలకీ నేను అదే నేర్పినా" అంది.

ఆ చివరి మాటతో నా తలలో దీపం వెలిగింది. తల్లి చెయ్యే కూతురికీ! ఇన్ని రోజుల తిప్పలూ దారమంత కుళాయి వల్ల. ఫింటన్ దగ్గరికి వెళ్లి, "సారీ" అన్నాను, ఈసారి నిజం సారీ.

"నీ పేరు నాకు తెలుసులే" అన్నాడాయన. నవ్వాడో లేదో మాస్కు వల్ల కనబడలేదు. పోతూ పోతూ వాకిట్లో ఆగి, మా చెల్లెలు కూడా నర్సే, అని ఒక్క ముక్క చెప్పి వ్యాను ఎక్కాడు. నాకు సిగ్గుతో చెవులు మండాయి.

మధ్యాహ్నం ఒంటిగంటకు, పనికి బయల్దేరే ముందు, పక్కదారిలోకి వెళ్లి గరాజ్ కిటికీ తట్టాను. లీల అప్పుడే లేచింది. ముక్కు మీద మాస్కు గీత ఎర్రగా అలాగే ఉంది. అద్దం సందు తీసి దూరంగా నిలబడింది. నేను పరీక్ష పాసైన కుర్రాడిలా గబగబా చెప్పేశాను.

"లోపం బాయిలర్‌లో లేదు లీలా, మీ కనిగిరిలో ఉంది. కుళాయి పెద్దగా తిప్పు. అంతే. సలసలా కాగిన నీళ్లొస్తాయి."

తను సంతోషిస్తుందనుకున్నాను. తల వంచుకుంది.

"పెద్దగా తిప్పనండీ."

"ఎందుకని?"

"జెమీమా గది సరిగ్గా పైనే కదా. షవర్ ధార కడితే గోడలో గొట్టం మోగుతుంది. అందుకే షవర్ తల బకెట్‌లో ముంచి, సన్నగా తిప్పి, నిండేదాకా కూర్చుంటాను. ఆ మోత వింటే జెమీమా కిందికి వచ్చేస్తుంది. తలుపు ముందు పడుకుంటుంది."

"వస్తే నేను చూసుకుంటాను."

"మీరు దాన్ని చూసుకుంటారు. నన్నెవరు చూసుకుంటారు?" అంది లీల. "మొన్న రాత్రి నలుగురు పోయారండీ. ఒకావిడ నా చెయ్యి పట్టుకునే పోయింది. ఆ చేతులతోనే వస్తాను నేను. అది ఇంకోసారి ఆ సందులో వేళ్లు పెడితే నేను తలుపు తీసేస్తాను. నా మీద నాకు నమ్మకం లేదు. రెండో సూది అయ్యేదాకా చన్నీళ్లే పోసుకుంటాను. ఈ సంగతి వదిలెయ్యండి."

కిటికీ వేసుకుంది. క్లోనీ దాకా ఎలా కారు నడిపానో గుర్తు లేదు. వేడినీళ్లు తెచ్చాను, ఊరంతా తిరిగి, అందరినీ తిట్టి తెచ్చాను. అవి తన ఒంటి మీద పోయడానికి మాత్రం దారి లేదు. ఆ రోజు పనిలో రెండు మీటర్లు తప్పు చదివి చీవాట్లు తిన్నాను.

మర్నాడు పొద్దున తొమ్మిది కావస్తుండగా అలవాటు ప్రకారం ఇల్లంతా తిరుగుతున్నాను. బట్టల గదిలో జెమీమా కనబడింది. ఉతికిన బట్టల బుట్ట బోర్లించి, దాని మీద కూర్చుని, దుప్పటి కప్పుకుని బాయిలర్ కేసి చూస్తోంది. పక్కనే మా అత్తగారి పిండి గిన్నె, దానికీ ఒక తువ్వాలు. కొత్త పెట్టె కింద కాస్త వెచ్చగా ఉంటుందని ఆవిడ రాత్రి అక్కడికి మార్చింది. ఆలోచిస్తే, బాయిలర్ వచ్చిన దగ్గర్నుంచి పిల్ల రోజూ ఈ వేళకు ఇక్కడే ఉంటోంది. కొత్త బొమ్మ మోజనుకున్నాను.

"ఇక్కడేం చేస్తున్నావమ్మా, చలిలో?"

"మంట బొమ్మ కోసం చూస్తున్నా."

"ఎందుకు?"

అది నా వైపు తిరగకుండానే చెప్పింది. "రోజూ తొమ్మిదికి సైడ్ గేటు కిర్రుమంటుంది. నువ్వు ఇక్కడే ఉంటావు. అమ్మమ్మ ఇక్కడే ఉంటుంది. నేను మామీ అనుకున్నాను. గరాజ్‌లో దాక్కుందనుకున్నాను. మామీ ఎప్పుడు పని నుంచి వచ్చినా ముందు స్నానం చేస్తుంది కదా. కానీ నువ్వు కుళాయి తిప్పినప్పుడు తప్ప మంట బొమ్మ ఒక్కసారి కూడా రాలేదు డాడీ. నేను ఐదు రోజులు చూశాను."

నేను దాని పక్కన నేల మీద చతికిలబడ్డాను.

"అందుకని అది పిల్లి అయి ఉంటుంది" అంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది. "మామీ ఆసుపత్రిలో పని చేయడం లేదు కదా? మామీ మంచం మీద ఉంది కదా? అందుకే వీడియోలో వెనక గోడ ఒక్కటే చూపిస్తుంది."

కాదన్నాను. బాగుంది అన్నాను. ఒట్టు వేశాను. అది తల ఊపింది. పెద్దవాళ్ల మాట నమ్మనప్పుడు పిల్లలు ఊపే ఊపు అది. మేం దాన్ని ఏడుపు నుంచి కాపాడామనుకున్నాం. అది బట్టల బుట్ట మీద కూర్చుని, ఎవరికీ చెప్పకుండా, తల్లి చావుబతుకుల్లో ఉందనుకుంటూ ఐదు రోజులు గడిపింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర లీలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క మాట దాచలేదు, రేపు కుళాయి పెద్దగా తిప్పమన్నాను. తను విని, మంచం అంచున కూర్చుని, ముఖం కప్పుకుంది.

"అది తలుపు దగ్గరికి వస్తే?" అని మాత్రం అడిగింది.

"వస్తే వస్తుంది. తలుపు అవతల నేను కూర్చుంటాను. తాళం చెవి నా జేబులో ఉంటుంది. నువ్వు తీయలేవు."

తను లేచి కిటికీ వేసుకుంది. నేను బలవంతం చేయలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిదిన్నరకే గరాజ్ తలుపుకు ఇవతల నుంచి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, బట్టల గదిలో నిలబడ్డాను. జెమీమా తన బుట్ట మీద కూర్చుంది. తొమ్మిదైంది. గేటు చప్పుడు లేదు. తొమ్మిదీ పది. నా చెయ్యి జేబులో తాళంచెవిని పిసుకుతూనే ఉంది. తొమ్మిదీ పదిహేనుకు గేటు కిర్రుమంది.

"పిల్లి" అంది జెమీమా.

తెర నల్లగా ఉంది. నిమిషం, రెండు నిమిషాలు. షూ విప్పి ఉంటుంది, బట్టలు సంచిలో వేసి ఉంటుంది, అని నేను మనసులోనే లీల వెంట నడుస్తున్నాను. వంటింట్లో మా అత్తగారు అట్లకాడ పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆవిడకూ చెప్పాను మరి.

గోడలో గొట్టం మోగింది. బాయిలర్ ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని భగ్గుమంది. తెర మీద, బొటనవేలి గోరంత, మంట బొమ్మ వెలిగింది.

జెమీమా లేచి నిలబడింది. దుప్పటి జారిపోయింది. నేను దారికి అడ్డంగా జరిగాను, పరిగెత్తితే పట్టుకుందామని. అది పరిగెత్తలేదు. నా వైపు చూసింది. నన్ను లెక్కపెట్టింది. వంటింట్లో అమ్మమ్మను లెక్కపెట్టింది. తన గుండె మీద వేలు పెట్టుకుని తనను లెక్కపెట్టుకుంది. మళ్లీ తెర కేసి తిరిగింది. ఏడవలేదు. దుప్పటి తీసుకుని మళ్లీ బుట్ట మీద కూర్చుంది.

ఐదు నిమిషాలైంది. పది అయింది. లీల ఎప్పుడూ రెండు బకెట్లకు మించి పోసుకునే మనిషి కాదు. స్నానం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అయినా గొట్టం మోగుతూనే ఉంది, బొమ్మ వెలుగుతూనే ఉంది. అవతల తను కుళాయి కట్టలేక నిలబడి ఉందని నాకు అర్థమైంది.

"డాడీ" అంది జెమీమా, బొమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా. "నాకు తెలిసిపోయిందని మామీకి చెప్పకు. తెలిస్తే కట్టేస్తుంది."

"చెప్పను" అన్నాను.

మా అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. గోడలో ధార కట్టి పారుతున్న నీళ్ల చప్పుడు విన్నది. అలవాటు కొద్దీ నోరు తెరిచింది, నీళ్లు వృథా అని అనబోయింది. మనవరాలిని చూసింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పడనీలే అయ్యా" అంది. "పడనీ."